తుపాకి మీట మొరాయించినప్పుడు

ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులు గలవారు వానిని పోలీసు స్టేషనులోనో, ఆయుధముల వ్యాపారి వద్దనో అప్పగించి రసీదు పుచ్చుకొనుట మన దేశమున చిరకాలముగా సాగుచున్న పద్ధతి. ఓట్ల లెక్కింపు ముగిసిన పిమ్మట ఆ తుపాకులు మరల ఇండ్లకు చేరును. ఈ నడుమ అవి వారములకొలది, ఒక్కొక్కప్పుడు మాసములకొలది గోడకు చేరబడి, ఒకదానిపై ఒకటి ఒరిగి, చీకటి గదిలో కాలము గడపును. ఇంటికి వచ్చిన తరువాత యజమాని బోల్టు తెరచి, గొట్టమును వెలుతురు వంకకు త్రిప్పి చూచి, తుప్పు పట్టలేదని తృప్తిపడును. మీటను మాత్రము పరీక్షింపడు. పరీక్షించినను, కొంచెము బంకబంకగా కదలినది గదా, అదే సర్దుకొనునులే యని ఊరకుండును. నేటి ప్రసంగము ఆ బంకను గూర్చియే.

ఇంటింట వినవచ్చు రేడియోలో తుపాకి మరమ్మతు ముచ్చట యేల యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. లైసెన్సు ఒక్కరి పేరనే ఉండును. కాని తుపాకి ఉన్న కప్పు క్రింద నిద్రించువారు ఇంటిల్లిపాది. అడవి అంచున పొలములు గలవారు పందుల బెడద నుండి పంటను కాపాడుకొనుటకై లైసెన్సు పొంది రైఫిలును ఇంట ఉంచుకొనుట మనము ఎరుగుదుము. ఆ ఇంటి ఇల్లాలికి, కాలేజీలో చదువు కొడుకునకు తుపాకి పేల్చుట తెలియనక్కరలేదు. దాని మీట చెడిన గుర్తులు తెలిసియుండుట మాత్రము మేలు. మీట నొక్కకుండ పేలిన తూటా యజమానిని, ఇతరులను వేరుచేసి చూడదు.

మన వైపు లైసెన్సుదారుల వద్ద ఉండు బోల్టు రైఫిళ్లలో ఎక్కువగా కనవచ్చునది .315 బోరు రైఫిలు. ఇది కలకత్తా సమీపమున హుగ్లీ తీరముననున్న ఇషాపూరు కర్మాగారములో తయారగుచున్నది. సైన్యము వాడు .303 తూటా పౌరుల చేతికి రాకూడదని బ్రిటిషు ప్రభుత్వము నిషేధించుటచే, అదే రైఫిలు పనితనముతో, వేరొక కొలత తూటాతో వేటగాండ్ల కొరకు ఈ రకము పుట్టినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత వేట ముచ్చట ముగిసినది. రైఫిలు మాత్రము మిగిలినది. దాని కన్నయన్న వంటి .303 పోలీసు చేతులలో మరికొంత కాలము నిలిచినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికినది 2020 గణతంత్ర దినమున. ఎన్.సి.సి.లో కవాతు చేసినవారి భుజములకు దాని బరువు నేటికిని జ్ఞాపకముండును.

ఈ రైఫిలు పనితనమును కల్పించినవాడు జేమ్స్ పారిస్ లీ. 1831లో స్కాట్లండున పుట్టి, కెనడాలో పెరిగి, గడియారముల పని నేర్చి, పిదప తుపాకుల వైపు మరలినవాడు. ఆయన బోల్టు, మ్యాగజీనులతో కూడిన రైఫిలును బ్రిటిషు సైన్యము 1888లో స్వీకరించినది. 1895 నుండి అది లీ-ఎన్‌ఫీల్డు అయినది. ఎన్‌ఫీల్డు అనునది లండను చెంతనున్న ఆయుధ కర్మాగారపు ఊరి పేరు. గడియారముల పని నేర్చినవాడు చేసిన మీట అగుటచే కాబోలు, దానిలో భాగములు బహు స్వల్పము. కాని ఒక్కొక్క భాగము రెండేసి పనులు చేయును. ఆ పొదుపును అర్థము చేసికొన్నచో సగము మరమ్మతు తెలిసినట్లే.

బోల్టు తలుపు గడియ వంటిది. ముందునకు త్రోసి, పిడిని క్రిందికి వంచినచో తూటా వెనుక ద్వారము మూయబడును. బోల్టు గర్భమున ఒక బలమైన స్ప్రింగును, తూటా అడుగుననున్న క్యాపును పొడుచు సూదియు ఉండును. సూది వెనుక కొస బోల్టు బయటికి వచ్చి ఒక దిమ్మెగా కనిపించును. దీనినే కాకింగ్ పీసు అందురు. ఈ దిమ్మె అడుగున ఒక గంటు ఉన్నది. రైఫిలు కడుపు క్రింద, ఒక మరపై వ్రేలాడుచు, సియర్ అను వంకర కొక్కెము ఉన్నది. బోల్టును ముందునకు త్రోయునపుడు కొక్కెపు మొన పైకి లేచి దిమ్మె గంటును పట్టుకొనును. దిమ్మె అక్కడనే నిలిచిపోవును. బోల్టు మాత్రము ముందునకు సాగును. నడుమనున్న స్ప్రింగు అణగును. కావుననే లీ రైఫిలులో బోల్టు మూయునపుడు చివరి అంగుళము దాదాపు బరువుగా తోచును. మౌజరు రకములో ఈ బరువు బోల్టు తెరచునపుడు తగులును. మూయునపుడు తగులు బరువు లీ రైఫిలు యజమానికి గొప్ప ఉపకారము. కొక్కెము పట్టినదో లేదో అతని అరచేతికి అప్పుడే తెలిసిపోవును.

ఇక మీట. మీట పైభాగమున రెండు చిన్న గుబ్బలు ఉన్నవి. వ్రేలితో లాగునపుడు మొదటి గుబ్బ కొక్కెపు రెండవ చేతిని త్రోసి, మొనను గంటులో నుండి కొంత దించును. తరువాత రెండవ గుబ్బ తగులుకొనును. అప్పుడు మీట బరువెక్కును. మరికొంచెము లాగగనే మొన గంటును విడిచిపెట్టును; సూది ముందునకు దూకును. సైనిక శిక్షణలో దీనినే మొదటి ఒత్తిడి, రెండవ ఒత్తిడి అందురు. .303 విషయమున మొదటిది సుమారు ఒకటిన్నర నుండి రెండు కిలోల బరువునకును, రెండవది సుమారు రెండుంబావు నుండి రెండున్నర కిలోలకు మించియు ఉండవలెనని లెక్క. మొదటి ఒత్తిడి సమసిన చోట వ్రేలు ఆగి, గురి సరిచూచుకొని, పిదప రెండవది లాగవలెను. ఆ ఆగుదల ప్రదేశమే మీట ఆరోగ్యమునకు నాడి. అది ఉన్నదా, ఉన్నచోటనే ఉన్నదా, నిన్నటి వలె నేడును ఉన్నదా యని చూచుటయే రోగ పరీక్ష.

మరియొక పొదుపు గమనింపుడు. ఈ రైఫిలు మీటకు ప్రత్యేకముగా స్ప్రింగు లేదు. కొక్కెమును పైకి నెట్టు మడత రేకు స్ప్రింగే కొక్కెము ద్వారా మీటను కూడ వెనుకకు పంపును; అదే స్ప్రింగు రెండవ కొస మ్యాగజీను పట్టును కూడ నొక్కి ఉంచును. కనుక మీట తన స్థానమున కొంచెము ఊగులాడినచో దానిని చూచి భయపడనక్కరలేదు. దాని స్వభావమే అది. మరియు మీట వెనుకకు రాకున్నచో మీటనే నిందింపరాదు. మ్యాగజీను పట్టు వద్ద చేరిన తుప్పును సైతము చూడవలెను.

ఈ ప్రసంగము సిద్ధము చేయునపుడు, పోలీసు ఆయుధశాలలో ఏండ్ల తరబడి ఆర్మరరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక పెద్దమనిషి వద్ద మేము రెండు సాయంత్రములు గడిపితిమి. ఆయన మాట ఒకటి ఉన్నది ఉన్నట్లుగా చెప్పుట బాగు. “మీట బాగాలేదని తెచ్చే తుపాకుల్లో మీటది తప్పు అయ్యేది బహు తక్కువండీ. తప్పంతా దాని ఇరుగుపొరుగుది” అని ఆయన యనెను. ఆ ఇరుగుపొరుగు ఎవ్వరని అడుగగా నూనె, దుమ్ము, కర్ర అని మూడు పేర్లు చెప్పి, నాలుగవ పేరు చెప్పుటకు ముందు కొంచెము నవ్వి, “ఆకురాయి పట్టుకున్న మనిషి” అనెను.

ముందు నూనె సంగతి. ఇనుమునకు నూనె రాయవలెనని అందరును ఎరుగుదురు. ఏ నూనె యనునది మాత్రము అందరును ఎరుగరు. వంటింట చేతికందిన నూనె రాయుట కలదు. నువ్వులనూనె, వేరుసెనగ నూనె గాలి తగులుచుండగా క్రమముగా జిగురెక్కును. ఆముదము మొదటినుండియు చిక్కనిదే. కొబ్బరినూనె ఇరువది నాలుగు డిగ్రీలకు దిగువన పేరుకొనును. మన్యపు గ్రామములలో పుష్యమాసపు తెల్లవారుజామున సీసాలోని కొబ్బరినూనె ఎట్లు తెల్లబారి గడ్డకట్టునో, కొక్కెపు మర చుట్టును అట్లే గడ్డకట్టును. అప్పుడు కొక్కెము బద్ధకించి పైకి లేవదు. లేచినను నిండుగా లేవదు. ఇక అన్నిటికంటె కీడు చేయునది అవిసెనూనె. ఇది రైఫిలు కర్రకు మంచి నేస్తము. పచ్చి అవిసెనూనెను కర్రకు పట్టించు ఆచారము సైన్యములో చిరకాలముగా ఉన్నది; నూనె కర్రలోనికి ఇంకి, ఆరి, తేమను అడ్డగించును. ఆరుటయే దాని గుణము; చిత్రకారులు, రంగులు వేయువారు దానిని కోరుట అందులకే. ఆ ఆరు నూనె కర్రపై నుండి జారి మీట సందులోనికి పోయినచో అక్కడను ఆరును. కర్రపై మెరుగైనది ఇనుముపై వార్నిషు అగును. కనుక కర్రకు అవిసెనూనె, ఇనుమునకు కుట్టుమిషను నూనె వంటి పలుచని ఖనిజపు నూనె. ఈ రెండు సీసాలను ఒకే గూటిలో ఉంచకపోవుట మంచిది.

ఖనిజపు నూనెయైనను అతిగా పోసినచో దుమ్మును పిలిచి కూర్చుండబెట్టుకొనును. సైకిలు చెయినుపై నల్లని ముద్ద ఎట్లు పెరుగునో చూచుచునే యున్నాము. ఎన్.సి.సి.లో గొట్టమును శుభ్రము చేయు గుడ్డపేలికకు చిందీ అని పేరు. తుడుచుటకు 4 అంగుళముల పొడవు, 2 అంగుళముల వెడల్పు. నూనె రాయుటకు పొడవు అదే కాని వెడల్పు ఒకటిన్నర అంగుళమే. నూనె చిందీ చిన్నదిగా ఉండుటలో ఒక బోధ ఉన్నదని మేము భావించుచున్నాము. గొట్టమునకు నూనె పట్టించి రైఫిలును వెంటనే మడమపై నిలబెట్టినచో మిగిలిన నూనె మెల్లగా దిగి మీట వద్దకును, అక్కడినుండి కర్రలోనికిని చేరును. నూనె రాసిన రాత్రి గొట్టపు మూతి క్రిందికి వచ్చునట్లు, ఒక మెత్తని గుడ్డపై ఆనించి ఉంచుట తెలిసినవారి పద్ధతి.

దుమ్మును గూర్చి విస్తరింప పనిలేదు. వరి నూర్పిళ్ల పొట్టు, జీపులో ప్రయాణపు ఎర్రమన్ను, ఆయుధశాల గోడ సున్నము, ఇవన్నియు మ్యాగజీను ద్వారముననే లోనికి పోవును.

మూడవది కర్ర. మేము ఆ సాయంత్రములలో మిక్కిలి ఆసక్తితో విన్నది ఈ భాగమే. పాత .303లో మీట రైఫిలు ఉక్కు దేహమునకు కాక, క్రిందనున్న గార్డునకు తగిలింపబడి యున్నది. కొక్కెమో, ఉక్కు దేహమునకు వ్రేలాడుచున్నది. ఈ రెంటి నడుమ ఉన్నది కర్ర. అనగా కొక్కెమునకును మీటకును గల దూరమును నిర్ణయించువానిలో కర్ర కూడ ఒకటి. వానకాలమున కర్ర ఉబ్బి గార్డును క్రిందికి నెట్టినచో మీట కొక్కెమునకు దూరమగును. వ్రేలు ఉత్తిగా చాల దూరము ప్రయాణము చేసిన గాని పని జరుగదు. రోహిణికార్తెలో కర్ర ఎండి కుదించుకొని, మరలు బిగించుచు పోయినచో గార్డు పైకి జరిగి, మీట ఎల్లవేళల కొక్కెమును ఒత్తుచుండును. అప్పుడు మొదటి ఒత్తిడి మాయమగును. మీట తేలికైనదని, తుపాకి పదునెక్కినదని యజమాని సంతసించును. వాస్తవమునకు కొక్కెపు మొన గంటు అంచున వ్రేలాడుచున్నది. తుపాకి గోడ నుండి జారి నేల తాకుట వంటి చిన్న కుదుపే దానిని విడిపింప చాలును.

కర్ర నలిగిపోకుండ ముందు మర చుట్టు ఒక ఉక్కు గొట్టపు ముక్క అమర్చబడి యుండును. దానిని తీసి పారవేసి మరను బిగించు మహానుభావులు ఉన్నారట! ఈ కర్ర చిక్కును బ్రిటిషువారు గ్రహించి, 1949లో వచ్చిన 4వ నంబరు రైఫిలు మార్కు 2లో మీటను గార్డు నుండి తప్పించి ఉక్కు దేహమునకే తగిలించిరి. అప్పటికి ఆ జాతి రైఫిలు అర్ధశతాబ్ది వయసును దాటినది. రెండు ప్రపంచ యుద్ధములను చూచినది. మన ఇండ్లలోని పాత కర్ర పిల్లలు ఆ సవరణను ఎరుగరు.

నాలుగవవాడగు ఆకురాయి మనిషిని గూర్చి మేము కొంత కఠినముగానే మాటలాడవలసి ఉన్నది. మీట బరువుగా ఉన్నదని గంటు అంచును, కొక్కెపు మొనను రాయితో రుద్ది నునుపు చేయువారు ఊరూర ఉన్నారు. ఉక్కు పైపొరను గట్టిపరచి లోపల మెత్తగా ఉంచుట ఇట్టి భాగములలో పరిపాటి. ఆ పైపొర అరిగినచో మొదట మీట వెన్నవలె కదలును; కొన్ని వందల దెబ్బలకు మెత్తని ఉక్కు గుండ్రమై, పట్టు తప్పును. గంటు అంచునకు ఒక కోణము ఉన్నది. ఆ కోణము చూపునకు అందదు. మేము చూచిన ఒక కొక్కెపు మొన గవ్వవలె నిగనిగలాడుచున్నది. పెద్దమనిషి ఆ రైఫిలును ఖాళీగా కాక్ చేసి, మడమను అరచేతితో ఒక్కసారి చరచెను. మీటపై ఎవ్వరి వ్రేలును లేదు. టక్కుమని సూది దూకినది. ఆ ఖాళీ చప్పుడు మా చెవులలో చాలసేపు నిలిచినది. ఆ రైఫిలు పొలము గట్టున, నిండు తూటాతో, ఏడాది తిరిగినదని ఆయన చెప్పెను.

ఇక శుభ్రపరచు విధానము. తూటాలను ముందు వేరొక గదిలో పెట్టి తాళము వేయవలెను. పిదప మ్యాగజీను ఊడదీసి, బోల్టు తెరచి, తూటా గదిలోనికి కంటితో చూచుటయే కాక చిటికెనవ్రేలు జొనిపి తడిమి చూడవలెను. చీకటిలో కన్ను మోసపోవును, వ్రేలు మోసపోదు. తరువాత బోల్టును వెనుకకు పూర్తిగా లాగి, దాని తలను పైకి లేపి, పట్టు విడిపించి వెలికి తీయవలెను. ఇంటిలో రెండు రైఫిళ్లు ఉన్నచో బోల్టులను తారుమారు చేయరాదు. పిడిపై వేసిన నంబరును, దేహముపై వేసిన నంబరును ఒక్కటిగా ఉండుట అలంకారము కొరకు కాదు. బోల్టు దాని దేహమునకు కొలిచి కూర్చబడినది.

దిమ్మె గంటును పాతగుడ్డతో తుడిచి దీపము వెలుగున చూడవలెను. అంచు సరళరేఖవలె పదునుగా ఉండుట ఆరోగ్యము. మెరయుచు గుండ్రమై ఉండుట జబ్బు. అక్కడ పెద్ద గంటుతోపాటు చిన్న గంటు కూడ కనిపించును. దిమ్మె సగములో చిక్కినచో ఆ చిన్న గంటు పట్టుకొని మీటను, బోల్టును రెంటిని బంధించును. రైఫిలు ఎటును కదలక బిగిసినదని కంగారుపడి మేకు, సుత్తి తెచ్చుకొనువారికి ఇది తెలియదు. దిమ్మెను చేతితో గట్టిగా వెనుకకు లాగినచో బంధము వీడును.

కొక్కెమును, మీటను ఊడదీయకయే శుభ్రము చేయవచ్చును. రైఫిలును తలక్రిందులుగా, గొట్టపు మూతి కొంచెము దిగువగా ఉండునట్లు పట్టుకొని, పాత పండ్లకుంచెను శుభ్రమైన కిరోసినులో ముంచి, మ్యాగజీను ద్వారము నుండియు మీట సందు నుండియు కొక్కెపు మరను, స్ప్రింగు మడతను, మ్యాగజీను పట్టును కడుగవలెను. కిరోసిను కర్రలోనికి దిగకుండ గుడ్డ అడ్డము పెట్టవలెను. దీపమును, పొయ్యిని దూరముగ నుంచవలెనని వేరుగా చెప్ప పనిలేదు. నల్లని నీరు వచ్చుట మానువరకు రెండు మూడు మారులు చేయుట తప్పదు. ఎండిన అవిసెనూనె పట్టినచో ఒక రాత్రి నానిన గాని లొంగదు; కత్తిమొనతో గీకరాదు. పూర్తిగా ఆరిన తరువాత కొక్కెపు మరపై ఒక చుక్క, మీట చీలపై ఒక చుక్క, మ్యాగజీను పట్టుపై ఒక చుక్క. మూడే. చుక్క యనగా సూదిమొనతో అందుకొని జారవిడిచినది. ముందు భాగపు పొడవు కర్రను ఊడదీయు సాహసము ఇంట చేయరాదు. సైన్యములో సామాన్య సిపాయికి సైతము దానికి అనుమతి లేదు. అది ఆర్మరరు పని.

బోల్టును మరల ఎక్కించి, ఖాళీ రైఫిలుతో పరీక్ష. బోల్టును నెమ్మదిగా ఒకసారి, వడిగా నాలుగైదు సారులు మూయవలెను. ప్రతిసారియు చివరి అంగుళపు బరువు చేతికి తగులవలెను. ఒక్కసారి తగులక బోల్టు వట్టినే పోయినను కొక్కెము లేవలేదన్న మాట. కాక్ చేసి, సేఫ్టీ క్యాచి వేసి, మీట లాగి, వదలి, క్యాచి తీయవలెను. అప్పుడు సూది దూకరాదు. మీట తాకకుండ, మడమను రబ్బరు చాపపై జానెడు ఎత్తు నుండి రెండు మారులు తాటించవలెను. అప్పుడును దూకరాదు. మొదటి ఒత్తిడి, ఆగుదల, రెండవ ఒత్తిడి, మూడును స్పష్టముగా తెలియవలెను. కడిగిన తరువాత కూడ మొదటి ఒత్తిడి లేకున్నను, బోల్టు మూసినంతనే సూది దూకినను, వట్టి కుదుపునకు విడిపోయినను ఇక ఇంటి వైద్యము చాలించవలెను. మరల తూటా ఎక్కించు ప్రసక్తి లేదు.

అప్పుడు పోవలసినది లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారు వద్దకే. 1959 ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము తుపాకి బాగుచేయు వృత్తికి వేరుగా లైసెన్సు ఉండవలెను. మోటారు మెకానిక్కు ఎంతటి నేర్పరియైనను అతనికి అప్పగించుట చట్టము ఒప్పదు. రైఫిలుతో పాటు లైసెన్సు పుస్తకమును తీసికొనిపోయి, రసీదు పుచ్చుకొని, అరిగిన కొక్కెమును సరిచేయుమని కాక క్రొత్తది వేయుమని అడుగవలెను. పాతది తిరిగి ఇమ్మని కూడ అడుగుట మంచిది.

ఇదంతయు పాతకాలపు రైఫిలు బాధయనియు, క్రొత్తవానికి ఈ చింత లేదనియు తలచువారికొక సంగతి. అమెరికాలో వేటగాండ్లు విరివిగా వాడు రెమింగ్టన్ 700 అను బోల్టు రైఫిలు 1962లో వచ్చినది. దాని మీట అంతయు ఒక చిన్న పెట్టెలో అమర్చబడినది. బరువు తగ్గించుటకు, పెంచుటకు మరలు ఉన్నవి. పాత మీటను గూర్చి ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచినవి. మీటలో దోషము లేదని కంపెనీ వాదించుచు వచ్చినది. ఆ తరువాత క్రొత్త మీట వచ్చినది. 2014 ఏప్రిలులో ఆ కంపెనీయే, 2006 మే మొదలుకొని అంతవరకు తయారైన రైఫిళ్లలో ఆ క్రొత్త మీట గలవానిని వాడవద్దనియు, వెనుకకు పంపుడనియు ప్రకటించినది. కారణము? కూర్పు వేళ మరలకు పెట్టు బంక కొన్నింటిలో కొంచెము ఎక్కువగా పడినది; దానివలన మీట నొక్కకయే పేలు ప్రమాదమున్నదని వారే తెలిపిరి. దాదాపు ఎనిమిదేండ్ల ఉత్పత్తిని వెనుకకు పిలిపించినది, వ్రేలిగోటిపై నిలుచునంత బంక. పెట్టెలో మూసిన మీటలోనికి వంటనూనె పోసినచో, బయటికి కనిపింపదు గనుక మరింత చేటు. అట్టి మీటను విప్పరాదు, మరలను త్రిప్పరాదు, కర్ర నుండి విడిపించి కడుగుట సైతము తెలిసినవారే చేయవలెను.

దాచుటను గూర్చి రెండు మాటలు. రైఫిలును కాక్ చేసి దాచరాదు. ఖాళీయని వ్రేలితో తడిమి చూచిన పిమ్మట, గొట్టమును నేల వంకకు త్రిప్పి, మీట లాగి స్ప్రింగునకు విశ్రాంతి ఇవ్వవలెను. తోలు ఒరలోను, కాన్వాసు సంచిలోను నెలల తరబడి ఉంచినచో అవి తేమను పీల్చి ఇనుమునకు ఒప్పగించును. పొడి నూలుగుడ్డలో చుట్టుట మేలు. ఎన్నికల వేళ అప్పగింపబోవు ముందు ఇనుమును పలుచగా తుడిచి, మీట సందునకు నూనె చేర్పక, బోల్టు నంబరును రసీదుపై వ్రాయించుకొనవలెను. అనేకుల తుపాకులు ఒక్కచోట చేరినపుడు బోల్టులు మారుట జరుగని పని కాదు. తిరిగి తెచ్చుకొను నాడు ఆ రసీదును చేత పట్టుకొని, నంబరు కలిపి చూచుకొనిన తరువాతనే సంతకము చేయవలెను.